అరబ్బు తీరపు ఒడంబడికలు – మన హైదరాబాద్

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి చరిత్ర మీద నాలుగు మాటలు చెప్పమని కమిటీ వారు మమ్మల్ని కోరినారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాళ్ళము. మా తెలుగు పుస్తకాల తెలుగు కొంత, నస్పూర్ బజారు తెలుగు కొంత. తప్పులుంటే మన్నించండి.

ఏ విషయం మాట్లాడుదామా అని వారం రోజులు ఆలోచించినాము. మన గల్లీలో నడుస్తూ పోతే ఒక ఇంట్లో అబ్బాయి దుబాయిలో, రెండో ఇంట్లో అల్లుడు మస్కట్‌లో, మూడో ఇంటాయన కువైట్ నుంచి వచ్చి మళ్ళీ పోవడానికి కాగితాల కోసం చూస్తూ కనిపిస్తారు. అక్షరాలు రాని ముసలమ్మ కూడా షార్జా, బహ్రెయిన్, ఖతర్ అని పేర్లు గడగడ చెబుతుంది. కాని ఆ దేశాలు ఎట్లా ఏర్పడినాయి, వాటికీ మన హైదరాబాద్ రాజ్యానికీ పాత సంబంధం ఏమిటి అని అడిగినవారు తక్కువ. ఆ సంబంధం కాగితాల మీద వుంది. ఒడంబడికలు, అహద్‌నామాలు, ఖౌల్‌నామాలు అనే కాగితాలు. వాటి గురించి చెప్పి, చివరన మా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు కూడా మీ ముందు ఒప్పుకుంటాము.

మొదట 1798వ సంవత్సరానికి పోదాము. ఆ ఏడు జూలైలో ఫ్రెంచి సేనాని నెపోలియన్ ఈజిప్టులో దిగినాడు. అక్కడి నుంచి ఎర్రసముద్రం మీదుగా హిందూస్థాన్‌కు వస్తాడేమోనని ఇంగ్లీషు కంపెనీ వారికి భయం పట్టుకుంది. అప్పుడు హైదరాబాద్‌లో రెండవ నిజాం, నిజాం అలీ ఖాన్. ఆయన దగ్గర ఫ్రెంచి అధికారుల చేతి కింద పెద్ద ఫౌజు వుండేది. మన వాళ్ళు మూసారాం అని పిలుచుకునే ముషే రేమండ్ తయారు చేసిన ఫౌజు అది. ఆయన 1798 మార్చిలో చనిపోయినాడు. సెప్టెంబరు 1న కంపెనీ వారు నిజాంతో ఒక ఒడంబడిక రాయించుకున్నారు. ఫ్రెంచి వాళ్ళను తీసివేయాలి, వాళ్ళ స్థానంలో కంపెనీ పటాలాలు ఆరు వుంటాయి, వాటి ఖర్చు ఏడాదికి 24,17,100 రూపాయలు నిజాం చెల్లించాలి. అక్టోబరులో ఫ్రెంచి ఫౌజు ఆయుధాలు కింద పెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1798 అక్టోబరు 12న, సముద్రం అవతల మస్కట్‌లో ఇంకొక కాగితం తయారైంది. దాన్ని ఖౌల్‌నామా అన్నారు. మస్కట్ పాలకుడు సుల్తాన్ బిన్ అహ్మద్ ఫ్రెంచి వాళ్ళకూ డచ్చి వాళ్ళకూ తన రాజ్యంలో చోటు ఇవ్వనని మాట ఇచ్చినాడు. కంపెనీ తరఫున ఆ పని చేసిన దూత ఇంగ్లీషువాడు కాదు, మహదీ అలీ ఖాన్ అనే ఇరానీ. చూడండి, ఆరు వారాల లోపల రెండు రాజ్యాలు, రెండు కాగితాలు, ఒకటే కారణం. ముత్యాల వ్యాపారి దండలో ఒక ముత్యం తర్వాత ఒకటి గుచ్చినట్లు కంపెనీ వారు హైదరాబాద్‌ను, మస్కట్‌ను ఒకే దారానికి గుచ్చినారు.

ఆ తర్వాత సరిగ్గా రెండేండ్లకు, 1800 అక్టోబరు 12న, హైదరాబాద్‌లో రెండో ఒడంబడిక అయింది. ఖర్చు కింద నగదు బదులు జిల్లాలే ఇచ్చివేయాల్సి వచ్చింది. టిప్పు సుల్తాన్ రాజ్యం నుంచి నిజాం వాటాకు వచ్చిన కడప, బళ్ళారి మొదలైన ప్రాంతాలు పోయినాయి. దత్త మండలాలు అని బడి పుస్తకంలో చదువుకున్నది అవే. దానికంటే ముఖ్యమైన షరతు మరొకటి వుంది. ఇకమీదట కంపెనీకి ముందుగా తెలుపకుండా, వారితో సంప్రదించకుండా నిజాం మరే రాజ్యంతోనూ సంప్రదింపులు చేయకూడదు. ఈ షరతును దయచేసి గుర్తు పెట్టుకోండి. ఇదే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు గల్ఫ్ తీరానికి పోదాము. ఇవాళ దుబాయి, షార్జా, రాసల్‌ఖైమా అని మనం అంటున్న ఊర్లలో ఆ కాలంలో జనానికి పని సముద్రంలోనే. వేసవిలో ముత్యాల కోసం మునగడం, తక్కిన కాలం ఓడ వ్యాపారం. ఖవాసిమ్ అనే తెగవారి ఓడలు అక్కడ బలమైనవి. ఇంగ్లీషు వారు వాళ్ళను సముద్రపు దొంగలు అన్నారు. షార్జా పాలకుల వంశంలోనే పుట్టి చరిత్ర చదువుకున్న నేటి షేక్ సుల్తాన్, అది దొంగతనం కాదు, వ్యాపారంలో పోటీ అని పుస్తకం రాసి వాదించినారు. ఏది ఎంత నిజమైనా, బొంబాయి నుంచి రెండుసార్లు ఫౌజు పోయింది. 1809లో ఒకసారి, 1819 చివరలో రెండోసారి. రెండోసారి మేజర్ జనరల్ విలియం గ్రాంట్ కేర్ నాయకత్వంలో రాసల్‌ఖైమాను పట్టుకున్నారు. 1820 జనవరి నుంచి ఒక్కొక్క షేక్‌ను పిలిచి సంతకాలు చేయించుకున్నారు. వాళ్ళ ఓడల జెండా ఎట్లా వుండాలో కూడా ఆ కాగితంలోనే రాసివుంది, తెల్లని అంచు మధ్య ఎరుపు. బానిసల్ని ఎత్తుకొని పోవడం కూడా దోపిడీతో సమానమే అన్న మంచి మాట ఒకటి అందులో వుంది. అరబ్బీ వచ్చిన కెప్టెన్ థాంప్సన్ అనే దుబాసీ ఆ ఒడంబడిక తయారీలో వున్నాడు.

తర్వాత 1835లో ముత్యాల కాలానికి మాత్రం కొట్లాటలు ఆపుతామని షేక్‌లందరూ ఒప్పుకున్నారు. ఇది ముత్యాలకు మునిగే బీదవాళ్ళకు మేలే చేసింది. మేలును మేలని చెప్పాలి. ఏటేటా దాన్ని పొడిగించి, 1843లో పదేండ్లకు రాసుకొని, 1853 మే నెలలో శాశ్వత సంధి చేసుకున్నారు. షేక్‌ల మధ్య సముద్రం మీద తగాదా వస్తే తీర్పు ఇంగ్లీషు వారిదే.

1853 మే అన్నాము. అదే మే నెల 21న హైదరాబాద్‌లో ఏం జరిగిందో తెలుసునా? నాలుగవ నిజాం నాసిరుద్దౌలా చేత బేరార్ ఒడంబడిక మీద సంతకం పెట్టించినారు. కంపెనీ పెట్టిన కంటింజెంటు ఫౌజు జీతాల బాకీ పేరు మీద పత్తి పండే బేరార్ జిల్లాలు వారి చేతిలోకి పోయినాయి. ఆ నెలాఖరులోనే ఇరవై నాలుగేండ్ల సాలార్ జంగ్ దివాన్ అయినాడు.

ఇక 1892 మార్చిలో అబూధాబీ, దుబాయి, షార్జా, అజ్మాన్, ఉమ్ముల్‌ఖువైన్, రాసల్‌ఖైమా షేక్‌లు ఆరుగురు ఇంకొక కాగితం మీద సంతకం చేసినారు. ఇంగ్లీషు ప్రభుత్వంతో తప్ప మరే రాజ్యంతోనూ ఒప్పందం గాని ఉత్తర ప్రత్యుత్తరం గాని చేయము. వారి అనుమతి లేకుండా మరే ప్రభుత్వపు మనిషినీ మా నేల మీద వుండనీయము. మా నేలలో ఏ భాగాన్నీ వారికి తప్ప ఎవరికీ అమ్మము, కుదువ పెట్టము, ఇవ్వము. ఇవి మూడు షరతులు. 1800లో హైదరాబాద్‌లో గుర్తు పెట్టుకోమన్న షరతు, తొంభై రెండేండ్ల తర్వాత ఇంకా గట్టిపడి అక్కడికి చేరింది. 1922లో నేల కింద నూనె దొరికితే అది కూడా ఇంగ్లీషు ప్రభుత్వం చెప్పినవారికే ఇస్తామని రాయించుకున్నారు. అప్పటికి అబూధాబీలో చుక్క నూనె కనిపించలేదు. అది 1958లో గాని దొరకలేదు. దొరకని వస్తువుకు ముప్పై ఆరేండ్ల ముందే కాగితం తయారుగా వుంది.

మన నస్పూర్ బొగ్గు ఊరు కదా. శ్రీరాంపూర్ బావుల్లో పని చేసిన పెద్దలు ఇక్కడ వున్నారు. వారి కోసం ఒక మాట. 1839 జనవరిలో ఇంగ్లీషు వారు ఏడెన్ రేవును పట్టుకున్నారు. ముఖ్య కారణాల్లో ఒకటి బొగ్గే. బొంబాయి నుంచి సూయెజ్‌కు పోయే పొగ ఓడలకు మధ్యలో బొగ్గు నింపుకునే చోటు కావాలి. చక్రవర్తుల రాజకీయం బొగ్గు తట్టల మీద కూడా నడిచింది.

ఆ ఏడెన్‌కు తూర్పున హజ్రమౌత్ అనే దేశం వుంది. మన హైదరాబాద్ కథలో అసలు భాగం అక్కడిది. హైదరాబాద్‌లో బార్కస్ అనే బస్తీని ఎరుగని వారు లేరు. బ్యారక్స్ అన్న మాటే నోట్లో నలిగి బార్కస్ అయింది. నిజాం ఫౌజులో పని చేసిన అరబ్బులు అక్కడ వుండేవారు. మనం చావుష్ అని పిలిచే కుటుంబాల్లో చాలామంది మూలం హజ్రమౌతే. ఆ జమేదార్లు కత్తి పట్టడంతో పాటు ప్రభుత్వానికే అప్పులిచ్చేంత ధనవంతులైనారు. అప్పు కింద తాలూకాల వసూళ్ళు వాళ్ళ చేతిలో వుండేవి. సాలార్ జంగ్ దివాన్ అయిన తర్వాత వాటిని ఒక్కొక్కటిగా విడిపించినాడు.

అట్లాంటి జమేదార్లలో ఉమర్ బిన్ అవజ్ ఖుఐతీ ఒకరు. 1865లో చనిపోయినారు. హైదరాబాద్ జీతం, హైదరాబాద్ వడ్డీ, హైదరాబాద్ పలుకుబడితో ఆయన కొడుకులు స్వదేశంలో రాజ్యం కట్టినారు. వాళ్ళకు పోటీగా నిలిచిన కసీరీ వంశపు గాలిబ్ బిన్ మొహసిన్ కూడా హైదరాబాద్ జమేదారే. మూడో పోటీదారు ఔలఖీ జమేదార్ కూడా ఇక్కడివాడే. ఒకే దర్బారులో జీతం తినేవారు ముగ్గురు, అరబ్బు ఇసుకలో ఒకరి కోటను ఒకరు ముట్టడించినారు. కసీరీ వారు 1866లో షిహర్ రేవు పట్టుకుంటే, 1867లో ఖుఐతీలు దాన్ని గెలుచుకున్నారు. 1881లో ముకల్లా రేవు కూడా వాళ్ళ చేతికి వచ్చింది.

ఇంగ్లీషు వారు దీన్ని రెండు వైపుల నుంచి చూసినారు. ఏడెన్‌లో వున్న రెసిడెంటు అక్కడ చూసినాడు, హైదరాబాద్‌లో కోఠీలో కూర్చున్న రెసిడెంటు ఇక్కడ చూసినాడు. మీ జమేదార్లు డబ్బును, మనుషులను అరబ్బు దేశానికి పంపకుండా ఆపండి అని సాలార్ జంగ్‌కు చెప్పించినారు. మన దర్బారు మీద వత్తిడి తెస్తే ముకల్లాలో ఫలితం కనిపించేది. చివరకు 1882లో ఖుఐతీ వారు ఒడంబడికకు వచ్చినారు. ముకల్లా, షిహర్‌లను ఇంగ్లీషు వారికి తప్ప ఎవరికీ ఇవ్వము, పరాయి రాజ్యాలతో వ్యవహారంలో వారి సలహా ప్రకారం నడుస్తాము. దీనికి ప్రతిఫలం ఏడాదికి 360 డాలర్లు. డాలర్లు అంటే ఆ కాలపు వెండి నాణేలు. 1888 మే 1న పూర్తి రక్షణ ఒడంబడిక రాసుకున్నారు. మళ్ళీ అదే షరతు, మా అనుమతి లేకుండా ఎవరితోనూ మాట్లాడవద్దు.

ఖుఐతీ సుల్తానులు ఆ తర్వాత కూడా హైదరాబాద్‌ను విడువలేదు. ఒక కాలు ముకల్లాలో, ఒక కాలు ఇక్కడ. 1936లో గద్దె ఎక్కిన సుల్తాన్ సాలెహ్ బిన్ గాలిబ్ జీవితంలో ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనే గడిపిన పండితుడు. 1937లో ఆయన కూడా ఒక కాగితం మీద సంతకం చేసినారు. మత విషయాలు, ఆచారాలు తప్ప తక్కిన వాటిలో ఇంగ్లీషు సలహాదారు మాట వినాలి. ఇక చివర చూడండి. హైదరాబాద్ రాజ్యం 1948 సెప్టెంబరు 17న ముగిసింది. ముకల్లాలో ఖుఐతీ రాజ్యం 1967 సెప్టెంబరు 17న ముగిసింది. పందొమ్మిదేండ్ల తేడా, తేదీ ఒకటే. 1798 నుంచి ఏ రక్షణ కోసం కాగితాలు రాసుకున్నారో, ఆ రక్షణ ఆ రోజున రెండు చోట్లా రాలేదు.

ఇంకొక జత చెప్పి ముందుకు పోతాము. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాద్ వచ్చి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో మాట్లాడి బేరార్‌ను ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా ఒప్పించినాడు. మరుసటి ఏడు, 1903 నవంబరులో, అదే కర్జన్ షార్జా దగ్గర సముద్రంలో ఓడ మీద దర్బారు పెట్టి షేక్‌లను పిలిపించి, మీ ఒడంబడికలు చెల్లుతూనే వుంటాయని చెప్పినాడు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ బేరార్ తిరిగి ఇవ్వమని అడిగి, మేము మీతో సమానంగా ఒడంబడిక చేసుకున్నవాళ్ళము అన్నారు. అప్పటి వైస్రాయి రీడింగ్ 1926 మార్చిలో జవాబు రాసినాడు. ఇంగ్లీషు సార్వభౌమత్వం ఒడంబడికల మీద మాత్రమే ఆధారపడింది కాదు, ఏ సంస్థానాధీశుడూ సమాన హోదాలో మాట్లాడలేడు అని దాని సారాంశం. అంటే కాగితం ఇద్దరిదీ, దాని అర్థం చెప్పే హక్కు మాత్రం ఒకరిదే.

అయితే ఇంగ్లీషు వారే చెడ్డవారు, షేక్‌లు అమాయకులు అని మేము చెప్పడం లేదు. 1899 జనవరిలో కువైట్ షేక్ ముబారక్ తుర్కీ వాళ్ళ భయంతో తానే ఇంగ్లీషు రక్షణ కోరుకున్నాడు. రహస్యంగా ఒప్పందం చేసుకొని 15,000 రూపాయలు తీసుకున్నాడు. డాలర్లు కాదు, పౌండ్లు కాదు, మన రూపాయలే. ఆ తీరంలో మన రూపాయే చెలామణి. 1959లో రిజర్వు బ్యాంకు వారు గల్ఫ్ కోసం వేరే రంగులో నోట్లు కూడా అచ్చు వేసినారు. 1966లో మన రూపాయి విలువ తగ్గించిన తర్వాత, అప్పటికి ఇంకా దాన్ని వాడుతున్నవారు కూడా ఒక్కొక్కరు దాన్ని వదిలివేసినారు. కువైట్ 1961లో, బహ్రెయిన్, ఖతర్ 1971లో స్వతంత్రమైనాయి. 1971 డిసెంబరు 2న ఎమిరేట్లు ఒక దేశంగా ఏర్పడినాయి. రాసల్‌ఖైమా రెండు నెలల తర్వాత చేరింది. పాత కాగితాలన్నీ రద్దయినాయి. అటు తర్వాతనే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి మన పిల్లలు గుంపులుగా పోవడం మొదలైంది. ఒకప్పుడు అటు నుంచి ఇటు జీతానికి వచ్చేవారు, ఇప్పుడు ఇటు నుంచి అటు పోతున్నారు.

ఇప్పుడు మా తప్పు సంగతి.

కొన్నేండ్ల కింద ఒక తల్లి, మా పాత విద్యార్థి అమ్మ, రాత్రి పూట కొడుకును వెంట పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. "మాస్టర్ సాబ్, రేపు పొద్దున ఏజెంటుకు ఇయ్యాలె. జర చదివి చెప్పుండ్రి" అని ఒక కాగితం ఇచ్చింది. అంతా అరబ్బీలో వుంది. కింద నీలం ముద్ర. ఏజెంటు డ్రైవర్ పని అని చెప్పినాడట. మేము ఉర్దూ మాస్టర్లము. అక్షరాలు అవే. ఖురాన్ చిన్నప్పటి నుంచి ఓదుతున్నాము. కాబట్టి మేము గట్టిగా పైనుంచి కిందికి చదివినాము. పేరు, ఊరు, నెల జీతం అంకెలు అర్థమైనాయి. నడుమ నడుమ మాటలు అర్థం కాలేదు. ఆ తల్లి మా ముఖం వైపే చూస్తున్నది. ఇంతమంది పిల్లలకు చదువు చెప్పే మాస్టరుకు ఇది రాదు అని చెప్పడానికి మాకు నోరు రాలేదు. "అంతా బాగానే వున్నట్లుంది" అన్నాము. పిల్లవాడు మా ఇంట్లోనే, మా కలంతోనే సంతకం చేసినాడు.

నాలుగు నెలల తర్వాత ఫోను వచ్చింది. ఊరికి దూరంగా ఎడారిలో గొర్రెల మంద దగ్గర వున్నాడు. బండి లేదు, మాట్లాడే మనిషి లేడు, పాస్‌పోర్టు యజమాని దగ్గర. ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాగితం నకలు తెచ్చి మళ్ళీ ముందర పెట్టింది, అంతే. అప్పుడు మేము నిఘంటువు తీసినాము. పని అన్న చోట రాసివున్న మాట "రాఈ". ఆ రాత్రి మేమే ఆ మాటను గట్టిగా చదివినాము. రాఈ అంటే గొర్రెల కాపరి. మన రైతు అన్న మాట కూడా అరబ్బీలో ఆ ధాతువు నుంచి వచ్చిన రఇయ్యత్ నుంచే పుట్టింది. ఇదంతా మాకు తెలియవలసిన విద్యే. తెలియనిది తెలియదు అని ఆ రాత్రి చెప్పివుంటే, వాళ్ళు తెలిసినవారిని అడిగేవారు.

ఆ పిల్లవాడు రెండేండ్లకు పైగా అక్కడ వుండి, అప్పుతో తిరిగి వచ్చినాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. అతని దగ్గరా, అతని అమ్మ దగ్గరా అనుమతి తీసుకునే ఈ మాట సభలో చెబుతున్నాము. చెప్పమన్నప్పుడు ఆయమ్మ, "ఇంకొకరి కొడుక్కు పనికొస్తే చెప్పుండ్రి" అన్నది.

షేక్‌ల కాగితాలకూ మన పిల్లల కాగితాలకూ పోలిక పెద్దదే. ఒక పక్క అవసరం, ఒక పక్క బలం. గల్ఫ్‌లో వున్న కఫీల్ పద్ధతి కూడా ఇంగ్లీషు వారు తీరాన్ని అదుపులో పెట్టిన కాలంలో రూపు కట్టిందని కొందరు చరిత్రకారులు చూపించినారు. బలం మనం మార్చలేము. చదవడం మన చేతిలో వుంది.

కనుక సొసైటీ ముందు నాలుగు సంగతులు పెడుతున్నాము. ఒకటి, గల్ఫ్‌కు పోయే ఎవరి కాగితమైనా సంతకానికి ముందు సొసైటీ ఆఫీసుకు తేవాలి. అరబ్బీ భాష నిజంగా నేర్చినవారి చేత దాని అర్థం తెలుగులో, ఉర్దూలో రాయించి ఇవ్వాలి. మా లాగా అక్షరాలు మాత్రం వచ్చినవారు ఆ పని చేయకూడదు. రెండు, ఒక నకలు ఇంట్లో తల్లి దగ్గర, ఒక నకలు సొసైటీ బీరువాలో వుండాలి. మూడు, వీసా మీద రాసిన పని, ఒప్పందంలో రాసిన పని, ఏజెంటు నోటితో చెప్పిన పని మూడూ ఒకటేనా అని చూడాలి. నాలుగు, 1983 నాటి వలస చట్టం కింద ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ వుండాలి. నంబరు అడగడానికి సిగ్గుపడవద్దు. నంబరు చెప్పని వానికి పైసలు ఇవ్వవద్దు.

దీనికి పెద్ద నిధులు అక్కర లేదు. ఒక బల్ల, ఒక బీరువా, వారానికి ఒక సాయంత్రం చాలు. మా వంతుగా ఆదివారం సాయంత్రాలు మేము వచ్చి కూర్చుంటాము. కాగితం చదవడానికి కాదు, నకళ్ళు రాసి పెట్టడానికి. చదివేవారిని మంచిర్యాల నుంచో కరీంనగర్ నుంచో తీసుకొని వచ్చే బాధ్యత కమిటీ వారిది. ఆ తల్లి తెచ్చిన నకలే మన బీరువాలో మొదటి కాగితంగా పెట్టమని ఇచ్చింది. దాన్ని ఇప్పుడే అధ్యక్షుల వారి చేతికి ఇస్తున్నాము.